డయాలసిస్ మంచం పక్కన కూర్చుంటే ప్రార్థన రావడం లేదు. ఇది అవిశ్వాసమా?

జీడితోట (సోంపేట వైపు)

అందరికీ వందనాలు. ఈ వేదికలో చాన్నాళ్లుగా చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈరోజు ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేననిపించి రాస్తున్నాను.

మాది ఉద్దానం. ఆ పేరు వింటే సగం సంగతి మీకే తెలిసిపోతుంది. మా మామయ్య కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇప్పుడు మా ఆయన. కొబ్బరి దింపే పని ఆయనది. పొద్దుటి నుంచి ఎన్ని చెట్లెక్కినా అలిసిపోయానని అనేవాడు కాదు. ఇప్పుడు మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. చీకటితో బయల్దేరతాం, నాలుగు గంటలు మిషన్ మీద ఉంటాడు, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకంలో జరుగుతోంది, పింఛనూ వస్తోంది, ఆ మేలు కాదనను. కానీ ఆయన కూలి లేదు. మిగతా రోజుల్లో నేను పలాసలో జీడిపిక్కల పనికి పోతున్నాను. పిల్లలిద్దరూ బడికెళ్తున్నారు.

రాత్రి పడుకునే ముందు ఆయన చెయ్యి పట్టుకుని ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపి చేసిన చోటు) మీద వేళ్లు పెట్టి చూస్తాను. లోపల జుయ్‌మని కొట్టుకుంటూ ఉండాలి, ఆగిందంటే వెంటనే రమ్మన్నారు. అది చూసుకుని మోకరిస్తాను. ఒక్క మాట రాదు. ఒకప్పుడు స్త్రీల కూడికలో గంటసేపు ప్రార్థన నడిపించిన దాన్ని నేను. ఇప్పుడు "ప్రభువా" అంటాను, అక్కడితో ఆగిపోతుంది.

దీనికి తోడు మొన్న ఉపవాస కూడికకు బయటి ఊరి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు ఆయన తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, "స్వస్థత అయిపోయింది, ఇక మిషన్ మీదికి వెళ్తే దేవుణ్ణి నమ్మనట్టే" అన్నాడు. ఆ మాట మా అత్తయ్య పట్టుకుంది. నేను ఆయన్ని గురువారం తీసుకెళ్లాను. అప్పటి నుంచి ఇంట్లో నా విశ్వాసం మీదే మాటలు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ప్రార్థన రాకపోవడం పాపమా? మా బతుకు మీద దేవుడికి ఇంకా ఏమైనా ఉద్దేశం ఉందా, లేక ఇంతేనా?

విశ్వాసంతో_ముందుకు (హైదరాబాద్)

ప్రైజ్ ద లార్డ్ సిస్టర్. ధైర్యంగా ఉండండి. యిర్మీయా 29:11 చూడండి, దేవుడు మన గురించి ఉద్దేశించినవి సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు. ఆ వాగ్దానం ఎత్తి పట్టుకుని రోజూ ప్రకటించండి. మా కుటుంబంలో ఆ వాక్యం పట్టుకునే పెద్ద అప్పులోంచి బయటపడ్డాం. మీ భర్తగారికి సంపూర్ణ స్వస్థత కలుగుతుంది. మా ఇంటి కూడికలో మీ పేరు పెట్టి ప్రార్థిస్తాం.

నైట్_డ్యూటీ (విశాఖపట్నం)

అక్కా, నేను డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సును. విశ్వాసినే. మిగతా సంగతులు పెద్దలు చెబుతారు, ముందు ఇది వినండి.

గురువారం మీరు తీసుకెళ్లడం వల్ల ఆయన బతికి ఉన్నారు. కిడ్నీలు పూర్తిగా పనిచేయని మనిషికి డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. "ఒక్కసారే కదా" అని మానేసి, ఆయాసంతో స్ట్రెచర్ మీద వచ్చినవాళ్లను చేతులారా ఎత్తి పడుకోబెట్టాను. ప్రార్థన చేయించుకోండి, నూనె రాయించుకోండి, కానీ మంగళ, గురు, శని మాత్రం తప్పనివ్వకండి. దేవుడు నిజంగా స్వస్థపరిస్తే ఆ సంగతి రక్తపరీక్షలోనూ కనబడుతుంది, అప్పుడు ఆపమని డాక్టరుగారే చెబుతారు.

ఇంకొకటి. ఇవి శ్రమల దినాలు, ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే రోజులు. మీ ఇంట్లో ఉపవాసాలు ఉంటాయి. ఆయన చేత మాత్రం చేయించకండి. ప్రతి డయాలసిస్‌లో ఒంట్లోంచి ప్రొటీన్ కూడా కొంత పోతుంది. డాక్టరు వద్దనకపోతే గుడ్డు తెల్లసొన పెట్టండి, శ్రమల దినాలని మానిపించొద్దు. ఉపవాసం విడిచేటప్పుడు అందరూ పంచుకునే అరటిపండు, ఖర్జూరం, బత్తాయిలో పొటాషియం ఎక్కువ, ఆయనకు ప్రమాదం. మీ ఊళ్లో కష్టమే గానీ కొబ్బరినీళ్లు అసలే వద్దు.

జీడితోట

చెల్లెమ్మా, కొబ్బరినీళ్ల సంగతి ఇక్కడి డాక్టరు కూడా చెప్పారు. ఎవరైనా తోటలోంచి బోండాం తెచ్చిస్తే చేతిలో పట్టుకుని చూసి పిల్లలకి ఇచ్చేస్తాడు. అది చూసినప్పుడల్లా నాకు దుఃఖం ఆగదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

అమ్మా, నేను రిటైరైన టీచర్ని, బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. హైదరాబాదు తమ్ముడు ప్రేమతో రాశాడు, ఆ వాక్యమే తీసుకుందాం. కానీ ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి.

యిర్మీయా ఆ ఉత్తరం రాసింది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని, గుడికి దూరమై పరాయి దేశంలో పడి ఉన్నవాళ్లకి. అప్పుడు యెరూషలేములో కూడా ఒక ప్రవక్త ఉన్నాడు, ముందు అధ్యాయంలో హనన్యా అని. రెండేళ్లలో అంతా అయిపోతుంది, అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు. జనానికి ఆ మాట తియ్యగా ఉంది. దేవుడు అతణ్ణి పంపలేదని యిర్మీయా ముఖం మీదే చెప్పాడు. మీ ఊరొచ్చిన ప్రసంగీకుడి మాట చదవగానే నాకు హనన్యాయే గుర్తొచ్చాడు.

యిర్మీయా చెప్పింది డెబ్బై ఏళ్లు. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. వాళ్లకి దేవుడు చెప్పిందేమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్నం క్షేమం కోరి ప్రార్థన చేయండి అని. ఆ తరువాతే పదకొండో వచనం వస్తుంది. నిరీక్షణ అంటే చెర రేపే అయిపోతుందని చెప్పడం కాదమ్మా. చెరలో ఉండగానే తోట నాటుకోమన్నాడు. మీరు వారంలో మూడు రోజులు ఆయన వెంట వెళ్తూ, మిగతా రోజులు పనికి పోతూ, పిల్లల్ని బడికి పంపుతున్నారు. నా మట్టుకు నేను దాన్ని విశ్వాసమనే అంటాను, అవిశ్వాసం అనే నోరు నాకు లేదు.

విశ్వాసంతో_ముందుకు

మాస్టారూ, ఆ సందర్భం తెలుసు. కానీ స్వస్థత లేదని చెప్పి సిస్టర్‌ని నిరుత్సాహపరచకూడదు కదా. ప్రభువు నిన్న, నేడు, నిరంతరం ఒకే రీతిగా ఉన్నాడు.

కాపరి_కొడుకు (రాజమండ్రి)

బ్రదర్, స్వస్థత లేదని ఇక్కడ ఎవరూ అనలేదు. నాన్నగారి తరువాత నేనూ ఒక చిన్న సంఘం చూసుకుంటున్నాను. రోగుల కోసం నూనె రాసి ప్రార్థిస్తాను, యాకోబు పత్రికలో చెప్పినట్టే. కొందరు బాగుపడటం చూశాను. ఎంతో ప్రార్థించినవాళ్లను సమాధి చేయడమూ నా చేతుల మీదే జరిగింది. విశ్వాసం ఎక్కువైనవాళ్లు బతికి, తక్కువైనవాళ్లు పోయారని ఆ సమాధుల దగ్గర నిలబడి అనగల కాపరి ఎవరైనా ఉంటే అతనితో నాకు పేచీయే.

అపొస్తలుడైన పౌలు చేతి రుమాళ్లు తీసుకెళ్తే రోగులు బాగుపడ్డారు. అదే పౌలు తన సహచరుడు త్రోఫిమును రోగిగా మిలేతులో వదిలి వచ్చానని తిమోతికి రాశాడు. తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా ఇచ్చాడు. తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". జబ్బుపడ్డ హిజ్కియా రాజుకి ఆయుష్షు పొడిగిస్తానని దేవుడే మాటిచ్చాడు, అయినా ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందూ వేయించాడు. ఆ ముద్ద కట్టించుకున్నందుకు హిజ్కియా నమ్మనివాడు కాలేదు.

అక్కా, మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ప్రార్థన రాకపోవడం పాపం కాదు. కీర్తనల గ్రంథంలో 88వది ఈ రాత్రి చదవండి. చాలా విలాప కీర్తనలు ఏడుపుతో మొదలై ఎక్కడో ఒకచోట స్తుతి వైపు తిరుగుతాయి. ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన పుస్తకంలో ఉండనిచ్చాడు, చివర ఒక ఆమేన్ అతికించి సరిచేయలేదు. మీరు "ప్రభువా" దగ్గర ఆగిపోతే ఆ కీర్తన రాసినాయన పక్కనే ఉన్నారు.

రోమా పత్రిక 8లో పౌలు, మనం ఎలా ప్రార్థించాలో మనకు తెలియదు అని తనను కూడా కలుపుకునే రాశాడు. "ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు" అన్నది మాటలు దొరకనివాళ్ల కోసమే. ఆ రాత్రి వేళ్ల కింద ఆయన ఫిస్టులా కొట్టుకోవడం చూసుకుంటారే, అదే మీ ప్రార్థన అనుకోండి. మాటలు వచ్చినప్పుడు వస్తాయి.

ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన మీకు గానీ ఆయనకు గానీ వస్తోందా? వస్తుంటే దాచుకోవద్దు. టెలీమానస్ అని ప్రభుత్వ మానసిక సహాయ లైను ఉంది, 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. అది కూడా అంజూరపు ముద్దలాంటిదే.

జీడితోట

అయ్యగారూ, నాకు రాలేదు. ఆయన ఒకసారి అన్నాడు, "నేను పోతే నీకు భారం తగ్గుద్ది" అని. ఆ నంబరు రాసి పెట్టుకున్నాను. 88వ కీర్తన ఆయనకే చదివి వినిపించాను. "ఇది బైబిల్లో ఉందా?" అని అడిగాడు. ఇంకోసారి చదవమన్నాడు. చాలా రోజుల తరువాత గోడవైపు కాకుండా నా వైపు తిరిగి పడుకున్నాడు.

మరియదళం (గుంటూరు)

అమ్మా, మేం కథోలికులం. మా విచారణలో (మా చర్చి పరిధిలో) వ్యాధిగ్రస్తుల ఇళ్లకి వెళ్లే బృందంలో ఉన్నాను. ఉపవాసం గురించి ఒక మాట. మా తిరుసభ నియమం ప్రకారమే ఉపవాసం 18 ఏళ్లు నిండినవాళ్లకి, అరవయ్యో ఏట అడుగుపెట్టేదాకా. అందులోనూ రోగులకు మినహాయింపు ఉంది. శ్రమల కాలం మీద మాకెంత పట్టింపో మీకు తెలుసు, మాకే ఇలా ఉంటే మీ ఇంట్లో ఎవరూ మనసు కష్టపెట్టుకోనక్కర్లేదు.

గుణదల తిరునాళ్లకి ఫిబ్రవరిలో ఎంత జనం వస్తారో చూసే ఉంటారు. పదకొండో తేదీ లూర్దుమాత పండుగ. ఆ రోజునే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా 1993 నుంచి జరుపుతున్నాం, రెండో జాన్ పాల్ పోపుగారు మొదలుపెట్టింది. కొండెక్కే జనంలో చంకలో కర్రతో వచ్చినవాళ్లు చాలామంది ఆ కర్రతోనే దిగుతారు. అయినా మరుసటేడు వస్తారు. వాళ్లెందుకొస్తారో వాళ్లనే అడిగితే, "అమ్మ దగ్గర ఏడిస్తే తేలిక" అంటారు. అంతకుమించి నేను వివరించలేను.

సిలువ మార్గంలో (ప్రభువు సిలువ మోసిన దారిని ఘట్టాలుగా ధ్యానించే ప్రార్థన) అయిదో స్థలం దగ్గర నేనెప్పుడూ ఎక్కువసేపు నిలబడతాను. కురేనీయుడైన సీమోను. పొలం నుంచి వస్తున్నవాణ్ణి పట్టుకుని సిలువ మోయించారు. అతను అడిగి మోయలేదు, మొక్కుకుని మోయలేదు. యేసుప్రభువే ఆ బరువుకి తాళలేకపోతే ఇంకొకరు భుజం పెట్టారు. మీకు భుజం పెట్టేవాళ్లు మీ సంఘంలో ఉన్నారా, అమ్మా? దయచేసి అడగండి. అడగడం తక్కువతనం కాదు.

నీళ్ల_ప్రశ్న (శ్రీకాకుళం)

నేను ఏ మతమూ పాటించను, కానీ ఉద్దానం కోసం తిరిగినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఇన్ని మండలాల్లో ఇన్నేళ్లుగా జనం పోతున్నారు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడం అన్నారు. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో వచ్చాయంటే జనం ఏళ్ల తరబడి రోడ్డెక్కితే వచ్చాయి. మీ బాధను నేను తక్కువ చేయడం లేదు అక్కా. కానీ దేవుడి ఉద్దేశం అని సరిపెట్టుకుంటే అడిగేవాళ్లు ఎవరు?

కాపరి_కొడుకు

మంచి ప్రశ్న వేశారు, కోపం లేదు. కిడ్నీ జబ్బు పంపడం దేవుడి ఉద్దేశం అని నేను ఏ పీఠం మీద నుంచీ చెప్పను. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇదే, వీడు పాపం చేశాడా, వీడి కన్నవాళ్లు చేశారా అని. ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. ఆ తరువాత ఎవరి తప్పు అనే చర్చ కొనసాగించకుండా బురద కలిపి కళ్లకు రాశాడు. ఉద్దేశం అన్నది వెనక్కి చూసి "ఎందుకొచ్చింది" అని వెదికేది కాదు, ఇక్కడి నుంచి ఏం చేయాలో చూసేది అని నేను నమ్ముతాను. నీళ్ల కోసం అడగడం అందులో భాగమే. మీరు ధర్నాకి పిలిస్తే మా సంఘం వస్తుంది.

గుండ్లకమ్మ

శ్రీకాకుళం మిత్రుడి మాటకు మా జిల్లా కథ ఒకటి చెప్పాలనిపించింది. నా పేరు చూసి ఈయన ఈ కథ ఎప్పుడు చెబుతాడా అనుకునేవాళ్లు ఇక్కడ ఉన్నారు, అయినా ఇప్పుడు చెప్పాల్సిందే.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిన పెద్ద కరువు. మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఇంజినీరింగు తెలిసినవాడు. అందులో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. ఎందుకంటే వేరే చోట్ల మాదిగ కూలీల్ని మేస్త్రీలు తన్ని తరిమేవారు, కూలి కొరత పెట్టేవారు. ఇక్కడ సంఘంలోని బోధకులే మేస్త్రీలు. పగలు మట్టి కొలిచి కూలి లెక్క చూసేవారు, పని ఆపి కూర్చున్నప్పుడు ఆకలితో పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడేవారు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న ప్రభువు పిలుపు నెత్తిన మట్టి తట్ట ఉన్నవాళ్లకి వినిపించిన చోటు అది.

ఇక్కడ నేను గమనించమనేది ఒకటుంది. చాలామంది బాప్తిస్మం అడిగినా క్లౌ ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని సహాయం ఆగిపోయేదాకా ఆగాడు. కూలీ లేదు, గింజలూ లేవు, ఇక ఇచ్చేదేమీ లేదు అన్నాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఇద్దరేసి బోధకులు నీళ్లలో దిగి, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు.

వాళ్ల కరువు అద్భుతంగా మాయం కాలేదు. పోయినవాళ్లు తిరిగి రాలేదు. వాళ్లకి దొరికిందేమిటంటే, ఊరు ముట్టుకోనివాళ్లని దేవుడు పేరు పెట్టి పిలిచాడన్న సంగతి. తరువాత వాళ్ల పిల్లలు బడికెళ్లారు. మా ముత్తాత తరం అదే. నేను టీచర్ని కావడం వెనక ఆ కాలువ ఉంది. అందుకే మిత్రమా, విశ్వాసం ఉంటే జనం అడగడం మానేస్తారన్నది మా దగ్గర జరగలేదు. తలెత్తి అడగడం అక్కడే మొదలైంది.

నీళ్ల_ప్రశ్న

ఈ కథ నాకు తెలియదు మాస్టారూ. కూలీ ఆగాక వచ్చారన్నది ఆలోచించదగ్గ విషయం. ధర్నా మాట గుర్తుంచుకుంటాను.

ఎడారి_గాలి (కువైట్)

ఇక్కడ పనిలో ఉండి చదువుతున్నాను. మా శుక్రవారం ఆరాధనలో మీ కుటుంబం గురించి చెప్పాను, పేర్లు చెప్పలేదు. కడప, గోదావరి జిల్లాల అక్కలే ఎక్కువమంది, ఇళ్లల్లో పని చేసేవాళ్లు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినవాళ్లు. వాళ్లు ఏడ్చి ప్రార్థించారు. వాళ్లకే ఎన్నో ఉన్నాయి, అయినా. ఇంతే చెప్పాలనుకున్నాను.

రాయవేలూరు_దారి (చిత్తూరు)

ఉద్దేశం గురించి అడిగారు కదండీ. మా జిల్లా వాళ్లకు పెద్ద జబ్బు అంటే రాయవేలూరే, అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రికి వెళ్లి రావడం మాకు పక్కూరికి వెళ్లినట్టు. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు అక్కడి రిహాబ్ సెంటర్లో (శరీరం చచ్చుబడ్డవాళ్లకి మళ్లీ పనులు నేర్పేచోట) ఉన్నాం. దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి అక్కడే తెలుసుకున్నాను.

కేరళ ఆవిడ. వేలూరులోనే చదువుకుని డాక్టరైంది. 1954లో స్నేహితులతో వెళ్తుండగా కారు ప్రమాదం. నడుం కింద స్పర్శ పోయింది, ముఖం మీద గాయం. ఇక జీవితం అయిపోయిందనుకుంది. అప్పుడు అక్కడ కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్, కూర్చుని కూడా చేతి ఆపరేషన్లు చేయొచ్చు కదా అన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆవిడ సర్జరీలు చేసింది. వంకరపోయిన వేళ్లు సరిచేయించుకోవడానికి వచ్చిన రోగులకి, తమ డాక్టరే లేచి నిలబడలేదని చూడటం ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. తరువాత న్యూయార్క్ వెళ్లి రిహాబిలిటేషన్ వైద్యం నేర్చుకుని వచ్చింది. 1966లో వేలూరులో ఆ కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1986లో పోయేదాకా ఆవిడ నడవలేదు.

మా నాన్న ఆ కేంద్రంలోనే ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్చుకున్నాడు. రోజంతా పట్టేది. ఆవిడకి దేవుడు కాళ్లు ఇవ్వలేదు, కానీ ఆవిడ వల్ల మా నాన్నకి ఒక చెయ్యి పనికొచ్చింది.

విశ్వాసంతో_ముందుకు

ఈ సాక్ష్యం మా సంఘంలో చెప్పుకోవచ్చా అండీ? సిస్టర్, ప్రార్థన మాత్రం ఆపలేదు. ఒక విషయం అడగాలి, రానుపోను ఖర్చుకి మేం నెలనెలా కొంత పంపితే పుచ్చుకుంటారా?

రాయవేలూరు_దారి

తప్పకుండా చెప్పండి.

జీడితోట

హైదరాబాదు అన్నయ్యగారూ, మీ ప్రేమకి వందనాలు. డబ్బు ఇప్పటికి వద్దు. అంతగా అవసరం పడితే మొహమాటపడకుండా అడుగుతాను.

అందరికీ కొంత చెప్పాలి. గుంటూరు అమ్మగారు భుజం పెట్టేవాళ్లని అడగమన్నారని, మా సంఘం అయ్యగారి ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. బయటి ప్రసంగీకుడు అలా అన్నాడని ఆయనకు తెలియదట. ఆదివారం ఆరాధనలో ఎవరి పేరూ ఎత్తకుండా, "డయాలసిస్ మానమని దేవుడు చెప్పడు, మందు వేసుకోవడం పాపం కాదు" అని గట్టిగా చెప్పారు. మా అత్తయ్య ముందు వరసలో కూర్చుని విన్నది. ఇంటికొచ్చి ఏమీ అనలేదు గానీ, మంగళవారం నేను లేచేసరికి ఆయనకి ఇడ్లీ వేసి ఉంచింది.

స్త్రీల సమాజంలో ముగ్గురు గురువారం వంతులవారీగా ఆయన వెంట వెళ్తామన్నారు. నాకు ఒకరోజు పని ఎక్కువ దొరుకుతుంది.

ఇంకొకటి. శనివారం యూనిట్‌లో మందస వైపు నుంచి కొత్తగా ఒకామె వచ్చింది, భర్తకి మొదటిసారి. చాలా చిన్నది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మిషన్‌లోకి రక్తం పోతుంటే చూసి భయపడింది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. వాళ్లు హిందువులు, నేను దేవుడి సంగతి ఏమీ ఎత్తలేదు. అది మళ్లీ ఒంట్లోకే వస్తుందమ్మా అని గొట్టం చూపించాను. నీళ్లు ఎంత తాగనివ్వాలి, కూరగాయలు కోసి వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం, ఫిస్టులా చేతికి బీపీ చూడనివ్వకూడదని, ఆ చేత్తో బరువెత్తించొద్దని, నాకు తెలిసిందంతా చెప్పాను. ఇంటికెళ్లేటప్పుడు నా ఫోన్ నంబరు అడిగింది. ఆ రాత్రి మోకరిస్తే మొదట ఆ పిల్ల పేరే నోటికొచ్చింది. దాని తరువాత ఆయన పేరు, పిల్లల పేర్లు. ఎక్కువసేపు కాదు, కానీ వచ్చింది.

గుండ్లకమ్మ

దేవుడు మనల్ని ఆదరించేది మనం ఇతరుల్ని ఆదరించడానికే అన్న రెండో కొరింథీ మొదటి అధ్యాయం, నాలుగో వచనం దగ్గర మీ పోస్టు ప్రింటు తీసి పెట్టుకుంటానమ్మా.

కాపరి_కొడుకు

అక్కా, ఒక హెచ్చరిక మాత్రం. ఆ అమ్మాయికి అండగా ఉండండి, కానీ యూనిట్‌లో అందరి బరువూ మీ ఒక్కరి నెత్తినే వేసుకోకండి. ప్రవక్త ఏలీయా బదరీచెట్టు కింద పడుకుని చావు కోరుకుంటే దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినిపించాడు. పని అప్పగించింది ఆ తరువాతే. మీరు వేళకి తింటున్నారా? నిద్రపోతున్నారా?

జీడితోట

గురువారాలు ఇప్పుడు చీకటితో లేవకుండా కాస్త పడుకుంటున్నాను అయ్యగారూ.

నర్సు చెల్లెమ్మా, ఒకటి అడగాలి. ఈస్టరుకి తెల్లవారుజామున మేం సమాధుల తోటలో ఆరాధన చేస్తాం. మా మామయ్య సమాధి అక్కడే. ఈ ఏడు తనూ వస్తానంటున్నాడు ఆయన. శనివారం డయాలసిస్ అయ్యాక బాగా నీరసపడతాడు. తీసుకెళ్లొచ్చా? అక్కడ ప్రభు బల్ల కూడా ఉంటుంది, ద్రాక్షరసం పుచ్చుకోవచ్చా?

నైట్_డ్యూటీ

బల్ల దగ్గర ఇచ్చే ఆ చిన్న గ్లాసుతో ఏమీ కాదక్కా. ఆ రోజు తాగే నీళ్ల లెక్కలో దాన్నీ కలుపుకోండి చాలు.

వెళ్లడం గురించి: శనివారం పొద్దుటి షిఫ్టు ఖాయమేనా అని యూనిట్‌లో ముందే అడిగి పెట్టుకోండి. పొద్దున్నే అయిపోతే రాత్రంతా విశ్రాంతి దొరుకుతుంది. బీపీ మాత్రలు ఏవి ఎప్పుడు వేసుకోవాలో డాక్టరుగారిని అడగండి, డయాలసిస్ రోజు కొందరికి బీపీ పడిపోతుంది, చీకట్లో గభాలున లేస్తే తూలతారు. నడిపించొద్దు, ఆటో పెట్టుకోండి. మంచు పడుతుంది, ఫిస్టులా చేతికి బిగుతైన స్వెట్టరు వేయకండి, శాలువా కప్పండి. సమాధుల దగ్గర నిలబెట్టకుండా కుర్చీ వేయించండి. ఆరాధన అయ్యాక అందరికీ టీ, అరటిపండు ఇస్తారు కదా, ఆయనకి మీరే ఇంటి నుంచి ఇడ్లీ పట్టుకెళ్లండి. సోమవారం ఆయాసం గానీ, కాళ్ల వాపు గానీ కనిపిస్తే మంగళవారం దాకా ఆగకండి, యూనిట్‌కి ఫోన్ చేయండి.

జీడితోట

అన్నీ రాసుకున్నాను. కుర్చీ సంగతి అయ్యగారికి ఈరోజే చెబుతాను.